పదేళ్ల పెద్దమనిషి

తొంభైలలో, మా క్లాసులో అందరికంటే ముందు, పదేళ్లకే నేను పెద్దమనిషినయ్యాను. మా బాపు గౌలిపురలో ఇంటింటికీ పాలు పోస్తూ ఆ కబురు కూడా చెప్పి వచ్చాడు. ఫంక్షన్ కోసం గల్లీకి అడ్డంగా టెంటు వేశారు. అసలేం జరిగిందో నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. బడిలో ఆ పాఠం తొమ్మిదో తరగతిలో ఉండేది. నా ఒళ్లు అంతవరకు ఆగలేదు. నానమ్మ మాత్రం ఒక్క మాట చెప్పింది: "ఇగ మొగోడు ముట్టుకుంటే కడుపొస్తది, పైలం."

ఫంక్షన్ రోజు గాజులు తొడగడానికి వచ్చిన ముసలి భాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు, కడుపొస్తది!" అని గల్లీ దద్దరిల్లేలా ఏడ్చాను. ఆయన "తౌబా తౌబా" అంటూ గాజుల పెట్టెతో సహా టెంటు బయటపడ్డాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఇందులో నవ్వేదేముందో నాకు ఇప్పటికీ తెలియదు.

నవ్వనిది ఫంక్షన్‌కు వచ్చిన సర్కారు దవాఖానా నర్సమ్మ ఒక్కతే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నెలసరి అంటే ఏమిటో, కడుపు ఎలా వస్తుందో, ఎవరు ఎక్కడ ముట్టుకుంటే అరవాలో నిదానంగా చెప్పసాగింది. నానమ్మకు ఒళ్లు మండింది.

"చిన్నపిల్లకు గివన్నీ ఇప్పుడే ఎందుకమ్మా?"

నర్సమ్మ తలైనా తిప్పలేదు.

"అవ్వా, చిన్నపిల్లైతే గీ టెంటు ఎందుకేసిండ్రు?"