బాపు వేళ్లకు తెలియని గీతలు

మొన్న జనగామ దవాఖానలో డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, సన్నని ప్లాస్టిక్ దారం కొసను అరికాలికి ఆనించి, తెలుస్తోందా అని అడిగింది. షుగర్ ఉన్నవాళ్లకు స్పర్శ తగ్గిందేమో చూసే పరీక్షట. తెలుస్తోందనే చెప్పాను గానీ, అక్కడ కూర్చున్నంతసేపూ నా మనసు మా బాపు చుట్టూనే తిరిగింది. ఆయన వేళ్లను కూడా ఎవరైనా ఇట్లా సమయానికి పరీక్షించి ఉంటే ఎంత బాగుండేది.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో జనగామ స్టేషన్ వైపు రేకుల షెడ్లలో ఇనుమును తిప్పుతూ చెక్కే లేతు మిషన్లు నడిచేవి. అట్లాంటి షెడ్డొకటి మా బాపుది. అమ్మ పోయాక ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక, ఆడపిల్లకు ఇనుము పనేమిటని చుట్టాలు నొసలు ముడిచినా, నేనూ ఆయన వెంట పోవడం మొదలుపెట్టాను. చెక్కిన ఇనుము మెరిసినంత మాత్రాన నున్నగా ఉన్నట్టు కాదని నేర్పింది ఆయనే. చెలక దున్నినట్టు, చెక్కే టూలు నడిచిన దారిలో కంటికి ఆనని చాళ్లు మిగులుతాయి. గోరు అడ్డంగా గీస్తే తెలుస్తాయి. అవి లోతైతే వాటిమీద కదులుతూ నూనె కారకుండా ఆపే రబ్బరు సీలు ఆకురాయికి రాసినట్టు చిరిగిపోతుంది. అట్లాగని అన్నిటినీ అద్దంలా చేసినా కష్టమే, కొన్నిచోట్ల నూనె నిలవక, వేడెక్కి పట్టేస్తుంది. ఏ పనికి ఎంత నునుపో అంతే ఉండాలి. ఆ అంచనా బాపు వేలికొసలో ఉండేది కనుకనే మహబూబాబాద్ మిల్లుల వాళ్లు కూడా ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు.

తర్వాత తర్వాత, చేసిచ్చిన పనులు తిరిగి రావడం మొదలైంది. ఇనుము మంచిది కాదనేవాడు బాపు, నూనె కల్తీదనేవాడు. ఒకరోజు కాలే ఇనుప పొట్టు ఆయన వేలికి అంటుకుని బొబ్బ లేచినా ఉలిక్కిపడలేదు. అడిగితే, అలవాటైపోయిందని నవ్వేశాడు. నేనూ నమ్మాను.

ఆ పత్తి సీజనులోనే రేగొండ నుంచి ఒక రైతు వచ్చి, ట్రాక్టర్ ట్రాలీని పైకెత్తే జాకీ రాడ్‌ను బల్ల మీద పెట్టాడు. బాపు చెక్కి ఇచ్చిందే. సీలు చిరిగి నూనె కారిపోయి, ఎత్తిన ట్రాలీ దిగిపోయిందట. కింద గ్రీజు పెడుతున్న అతని తమ్ముడు భుజం నలిగి, భూపాలపల్లి దవాఖానలో ఉన్నాడట. ఆ రైతు కేకలు వేసినా బాగుండేది.

"కాకా, జర చెయ్యివెట్టి సూడు," అన్నాడు.

బాపు రాడ్ పొడవునా వేలు నడిపాడు. "నున్నగనే ఉన్నది గదా," అన్నాడు.

నేను గోరు గీశాను. గోరు టకటకా తగిలింది.

"గీతలున్నయి బాపూ," అన్నాను.

ఆయన మళ్లీ తాకాడు, ఇంకో చేత్తోనూ తాకాడు. తర్వాత తన వేళ్లకేసి చూసుకున్నాడు. ఆ చూపు నేనింకా మరచిపోలేదు.

మర్నాడే ఇద్దరం బస్సెక్కి భూపాలపల్లి పోయాం. కట్లతో పడుకున్న అతని మంచం పక్కన నిలబడి, బాపు చేతులు జోడించాడు.

"తప్పు నాదే బిడ్డా. నా చేతి ఏళ్లు సచ్చిపోయినయి. ఒప్పుకోబుద్ధి గాలే."

అతను బాపు చేతులకేసి చూశాడు. "చేతులు పనిజేస్తెనే గదా కాకా మనం బతికేది," అన్నాడు. అది క్షమించడమో, నిందించడమో నాకు ఇప్పటికీ తెలియదు. అతని కుడి చెయ్యి మళ్లీ భుజం దాటి లేవలేదు.

షెడ్డు మూసేస్తానన్న బాపును నేనే ఆపాను. ఆయన చెక్కేవాడు, నేను తాకి చూసి నునుపు కుదిరిందో లేదో చెప్పేదాన్ని. ఆయన బతికి ఉన్నన్నాళ్లూ అట్లాగే నడిచింది.

ఇప్పుడు చిన్న సూది ఉన్న యంత్రం వచ్చింది. ఇనుము మీద నడిపిస్తే గరుకెంతో అంకెల్లో చూపిస్తుందట. మంచిదే, అప్పుడే ఉంటే రేగొండ రైతు తమ్ముడి చెయ్యి చెయ్యిగానే ఉండేది. కాకపోతే, మిషన్ ఆపి, పక్కకు జరిగి, నా ముఖంలోకి చూస్తూ నిలబడిన మనిషికి "అయింది బాపూ" అని చెప్పే భాగ్యం మాత్రం ఇక ఏ కూతురికీ ఉండదేమో.