భద్రయ్య మూడో దశ

భద్రయ్య ఆఫీసులో నిద్రపోతాడని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్ళు మండేది. "నిద్ర కాదు, సస్పెండ్ అనుర్రి," అని దిద్దేవాడు, కళ్ళు మూసుకునే.

రెజిమెంటల్ బజార్‌లో బట్టల దుకాణం పైన ఉండేది ఆ ఆఫీసు. ఐటీ జోరు మీదున్న రోజులు. కంప్యూటరు యూఎస్‌బీకి తగిలించి నెట్‌వర్కు తీగ పెట్టుకునే చిన్న డబ్బీ ఉంటుంది కదా, దాని లోపలి చిప్‌కు అక్కడ సాఫ్ట్‌వేర్ రాసేవారు. పని లేనప్పుడు ఆ చిప్ పడుకుని కరెంటు మిగల్చాలి. సస్పెండ్ అనే ఆ నిద్రకు మూడు దశలు. మొదటి దశలో దాని అడ్రసు వరసగా పదహారుసార్లు పంపితే లేస్తుంది. రెండో దశలో తీగ గుచ్చితేనే లేస్తుంది. మూడో దశలో స్వయంగా కంప్యూటరు లేపితే తప్ప కదలదు.

భద్రయ్యా అంతే. మధ్యాహ్నం మూడయ్యేసరికి కుర్చీలో వాలిపోయేవాడు. మొదటి దశలో పేరు పదహారుసార్లు పిలవాలి. రెండో దశలో చేతికి చాయ్ గ్లాసు తగలాలి. మూడో దశలో ఇంటి నుంచి భార్య బుచ్చమ్మ ఫోను చేయాలి.

"ఒక్కసారి పిలిస్తే లేవకూడదా?" అన్నాడు మేనేజరు రామ్మోహనరావు.

"చిప్‌కు లేని తొందర మీకెందుకు సార్?"

చిప్ లోగుట్టు భద్రయ్యొక్కడికే తెలుసు. అందుకని మేనేజరు వేళ్ళ మీద లెక్కపెడుతూ పిలిచేవాడు. మధ్యలో లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. పాపం, సాయంత్రం గొంతుకు మిరియాల కషాయం తాగేవాడట.

ఈ తమాషా వల్ల బాగుపడింది సత్యవేణి. శ్రీకాకుళం నుంచి వచ్చి ఆ ఆఫీసులో చేరి ఆర్నెల్లయింది, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మూడూ ఇరవైకి నేరేడ్‌మెట్‌లో కూతురి బడి వదులుతారు. రోజూ ఆ పిలుపుల సందట్లో చప్పుడు కాకుండా ఆటో ఎక్కి వెళ్ళి, పాపను పక్కింటి కమలాబాయికి అప్పగించి, నాలుగు కొట్టేలోగా వచ్చి కూర్చునేది.

ఒకరోజు రామ్మోహనరావు హుకుం జారీ చేశాడు. "ఇవాళ మూడింటికి రివ్యూ. అప్పుడు కుర్చీలో లేనివాళ్ళు పర్మనెంటు మాట మర్చిపోవచ్చు."

సత్యవేణి గడియారం చూసుకుంది. వెళితే ఉద్యోగం పోతుంది. వెళ్ళకపోతే నాలుగేళ్ళ పిల్ల గేటు దగ్గర ఏడుస్తూ నిలబడుతుంది. మూడయింది. భద్రయ్య వాలిపోయాడు, ఆయన లేవందే రివ్యూ మొదలవదు. మేనేజరు పిలుపులు మొదలుపెట్టి, తొమ్మిది దగ్గర ఫోను మోగితే అటు తిరిగాడు.

"పో బిడ్డా, బడి ఇడిచిపెడ్తరు," అన్నాడు భద్రయ్య, కళ్ళు తెరవకుండా.

"మీకెలా తెలుసు బాబూ?"

"రోజు ఫోన్ల కమలాబాయితోని గుసగుసలు వెడ్తవు. మొదటి దశల చెవులు పనిచేస్తయమ్మా. నువ్వు పో. సార్‌ను పదహారు దాకా పోనియ్య."

పోనివ్వలేదు కూడా. పదమూడు దగ్గర ఆయన పెట్టిన గురకకు మేనేజరు లెక్క తప్పింది. పద్నాలుగు దగ్గర ఇంకోటి. అలా నాలుగు కావచ్చి, సత్యవేణి తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాక, బొంగురు గొంతుతో పదహారో పిలుపు పూర్తయింది. భద్రయ్య ఒళ్ళు విరుచుకున్నాడు.

"ఏంది సార్, జెర మెల్లగ పిలువరాదు?"

రివ్యూలో సత్యవేణి రాసిన సాఫ్ట్‌వేర్‌తో చిప్ చక్కగా పడుకుంది, చక్కగా లేచింది. పర్మనెంటు కాగితం చేతికి రాగానే ఆమె ధైర్యం చేసి బడి సంగతి మేనేజరుకు చెప్పింది. రోజూ ఆ గంట సెలవు దొరికింది.

"అయితే ఈ ఆర్నెల్లూ మీరు కునుకే తియ్యలేదా బాబూ?" అని అడిగింది భద్రయ్యను.

"గురక పెట్టుకుంట ఎట్ల పండాలె బిడ్డా?"

సత్యవేణికి నవ్వొచ్చింది. ఆయనంటే ఎంతో ఇష్టం కలిగింది.

మర్నాడు భద్రయ్య నిజంగానే పడుకున్నాడు. మేనేజరు పదహారుసార్లు పిలిచాడు, చాయ్ గ్లాసు చేతికి తగిలించాడు. చలనం లేదు.

"మూడో దశండీ," అంది ఆటోకు బయల్దేరుతున్న సత్యవేణి. "బుచ్చమ్మగారు ఫోను చెయ్యాలి."

"ఎప్పుడు చేస్తారు?"

"నాలుగింటికండీ."

అంతకుముందు చెయ్యొద్దని పొద్దున్నే ఆవిడకు ఫోను చేసి చెప్పింది సత్యవేణే.