మూడుసార్లు పడిన పన్నెండంగుళాల గోడ

దయ్యాలనీ శకునాలనీ నేను ఏనాడూ నమ్మలేదు. బడిలో చదివింది ఐదో తరగతి దాకానే. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను; ఆ లెక్కల వల్లే అంతా మాష్టారనేవాళ్లు. కొలతకు అందనిది లేనట్టే అనుకునేవాణ్ణి.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో గుంటూరులో మస్తాన్, నేను కలిసి ఎగ్జిబిషన్లకు నమూనాలు చేసేవాళ్లం. కొలతలు నావి, చెక్కపని అతనిది. ఆ వేసవిలో ఊరి చివరి పత్తి మిల్లు నమూనా ఒప్పుకున్నాం. అడుగుకు పావు అంగుళం లెక్క. నలభై ఎనిమిది అడుగుల పొడవున్న వెనక ప్రహరీ గోడ మా బల్ల మీద పన్నెండు అంగుళాలు.

మిల్లులో ఎవరు ఎక్కడ కూర్చుంటారో నమూనాలోనూ వాళ్ల బొమ్మను అక్కడే పెట్టడం మస్తాన్ పద్ధతి. వెనక గోడ నీడన పత్తి ఏరుతున్న ఆకుపచ్చ చీర బొమ్మ అతని చెల్లెలు ఫాతిమా.

సోమవారం గోడలు అతికించాం. మంగళవారం పొద్దున చూస్తే వెనక గోడ లోపలికి ఒరిగి ఆ బొమ్మ మీద పడి ఉంది. కొత్త బంక కాచి మళ్లీ అతికించాం. బల్ల మట్టం చూశాను, తేడా లేదు. బుధవారం మళ్లీ పడింది. గురువారం మా కళ్ల ముందే, ఎవరూ ముట్టుకోకుండా, మెల్లగా వంగి పడింది. మిగతా మూడు గోడలూ కదల్లేదు.

మస్తాన్ ఉలి కింద పెట్టేశాడు.

"ఆ గోడ చూసొచ్చేదాకా దీన్ని ముట్టుకోను మాష్టారూ. నా చెల్లెలు కూర్చునేది దాని కిందే."

"నీ బంక పట్టకపోతే గోడనంటావేంటయ్యా!"

శనివారమే ప్రదర్శన. అతని మొండిపట్టు వదిలించడానికే, గోడ నిలువు చూడడానికి దారానికి ఇనప గుండు కట్టుకుని మిల్లుకు వెళ్లాను. అతనూ వచ్చాడు.

మధ్యాహ్నం. కూలీలంతా అన్నాలకు వెళ్లారు. గంప నిండలేదని ఫాతిమా ఒక్కతే గోడ కింద కూర్చుని ఉంది. మూడు చోట్ల గుండు వేలాడదీశాను. దారానికీ గోడకీ మధ్య పైనా కిందా ఎడం ఒక్కటే. గోడ నిట్టనిలువుగా ఉంది.

"చూశావా?" అని నవ్వాను. మస్తాన్ ఇంకా గోడ వైపే చూస్తున్నాడు. గేటు నుంచి షెడ్డుకు ఉన్న దూరం కూడా నమూనాతో సరిపోయిందని చూపిస్తే ఇక నోరెత్తడనుకుని, "అమ్మాయ్, ఈ టేపు కొస పట్టుకుని గేటు దగ్గర నిలబడు" అన్నాను.

"మీ ఆటలకి నా పని చెడగొడతారేంటి మాష్టారూ! గంప మీరు నింపుతారా?" అంటూనే లేచి వెళ్లింది.

షెడ్డు గుమ్మం దగ్గర, మస్తాన్ పక్కనుండగా, నేను టేపు బిగించి అంకె చదువుతున్నాను. వెనక పెద్ద చప్పుడైంది. దుమ్ము అణిగాక చూస్తే గోడ మొత్తం లోపలికి పడి ఉంది. గంప కనబడలేదు.

ఫాతిమా టేపు కొస వదలకుండా అలాగే నిలబడిపోయింది. మస్తాన్ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నడువ్, ఇంటికి నడువ్" అంటున్నాడే గానీ తాను కదలడం లేదు.

పునాదిలోకి నీళ్లు దిగాయని తర్వాత చూసినవాళ్లు చెప్పారు. అయి ఉండవచ్చు. మిల్లు గోడ సంగతి దానితో సరిపెట్టుకోగలను. బల్ల మీది చెక్కకు పునాదీ లేదు, నీళ్లూ లేవు. అది వరసగా మూడు రోజులు, అటువైపే, ఎందుకు పడిందో ఎన్నిసార్లు లెక్క వేసినా నాకు తేలలేదు.