మీటర్లతో పదిహేను నిమిషాల బేరం

ల్యాప్‌టాప్‌ల ఛార్జింగ్ ఎంత మిగిలిందో సెకను సెకనుకు చూసుకుంట, ఆ చూసుడుతోనే ఛార్జింగ్ అంతా మీటర్లకు తాగించిన మొనగాణ్ణి యాకుత్‌పురా మొత్తంల నేనొక్కణ్ణే. బ్యాటరీ మీటరొక్కటే అనుకునేరు. తెర మీద ఎనిమిది పెట్టిన. ముల్లు తిరిగే గడియారం, ఎండ ఎంతుందో చెప్పేది, బంగారం రేటు, నెట్ స్పీడు, మిషిని ఎంత వేడెక్కిందో చూపే సూది, గిట్ల. పత్తర్‌గట్టిల బట్టల దుకాణంల పెరిగినోణ్ణి. మా దగ్గర సరుకంతా బయట వేలాడదీస్తేనే దుకాణం. ఖాళీ తెర చూస్తే నాకు గిరాకీ లేని దినమే యాదికొస్తది.

నా భార్య ఒక బడిల లెక్కలు రాసేది. ఆ పని పోయి ఎనిమిది నెలలైంది. ఇంట్ల కూసొనే చేసే ఉద్యోగం ఒకటి దొరికేటట్టుండె. పన్నెండు గంటలకు ఆన్‌లైన్‌ల పరీక్ష, అరగంట. కంప్యూటర్ మీదనే రాయాలె, మధ్యల ఆగిపోతే మళ్ళ కూసోనియ్యమని ముందే చెప్పిన్రు.

పావు తక్కువ పన్నెండుకు కరెంటు పోయింది. నెట్ ఫోన్‌తోని నడుస్తది గానీ, ల్యాప్‌టాప్ బ్యాటరీ సగమే ఉన్నది. బాల్కనీలకు ఉరికిన. ఎదురుంగ స్తంభం మీద లైన్‌మన్.

"అన్నా, ఎంతసేపు?"

"గంట, భాయ్."

"అరగంట చేసుకోరాదే!"

"నువ్వే ఎక్కు. పది నిమిషాల్ల చేసి దిగు."

లోపలికొచ్చిన. నా భార్య కుర్చీ అంచున కూసొని కొంగు నలుపుతున్నది.

"ఆ తిరిగేటివన్నీ తీసెయ్‌రాదయ్యా," అన్నది.

తీసేస్తే అయిపోతుండె. కానీ ఒక్క మాటకే దిగుడు మా ఇంటా వంటా లేదు. ఇంత తగ్గించాలె, మొఖం చూడాలె, మళ్ళ ఇంత తగ్గించాలె. గడియారాన్ని సెకనుకోసారి కాదు, రెండు సెకన్లకోసారి కదలమన్న. బ్యాటరీ దిక్కు చూసిన. ఫరక్ లేదు. ఐదు చేసిన. మళ్ళ చూసిన. బంగారం రేటును నిమిషానికోసారికి తెచ్చిన. నెట్ స్పీడు దగ్గర కొంచెం గట్టిగనే పట్టు పట్టిన.

"ఏం జేస్తున్నవ్?"

"ఆగు, దిగొస్తది."

"ఎవరు దిగొస్తరు? అది గిరాకీ కాదు, మిషిని! నాకు ఇదొక్కటే ఉన్నది, నీకు తెలుస్తలేదా?"

నా చేతులు ఆగలే. ఎనిమిదింటితోని ఒక్కొక్కదానితో బేరం చేసిన, పన్నెండు కొట్టేదాక.

పరీక్ష మొదలైంది. ఆ కిటికీ తెరంతా కప్పేసింది. మీటర్లు కనపడలే, పడుకున్నయనుకున్న. పడుకోలే. షట్టర్ దించినంక లోపల బల్బులన్నీ వెలిగినట్టు, కింద నడుస్తనే ఉన్నయి. అది నాకు తర్వాత తెలిసింది.

ఆమె వెనక నిలబడ్డ. మూలకు ఛార్జింగ్ అయిపోవస్తున్నదని ఎర్ర గుర్తు వచ్చింది. ఆమె చూసింది, టైపు చేసుడు ఆపలే, ఇంకా జల్దీ కొట్టింది. ఒక సున్నా తప్పు పడ్డది. తుడిచి మళ్ళ రాసింది. నేను శ్వాస బిగపట్టిన, అదేదో నా ఊపిరితోని నడుస్తున్నట్టు. బయటికి చూసిన. లైన్‌మన్ ఇంకా స్తంభం మీదనే.

తెర నల్లగైంది.

ఆమె వేళ్ళు అట్లనే ఉన్నయి, కదలలే. "ఆఖరి షీటొక్కటే మిగిలుండె," అన్నది. నన్ను తిట్టలే. తిడితే మంచిగుండు. పరీక్ష పెట్టినోళ్ళకు ఫోన్ చేసి బతిమాలిన. అవతలామె శాంతంగ విని, రూల్ రూలే అన్నది. అక్కడ నా నోరు పని చెయ్యలే.

ఆ ఆదివారం బ్యాటరీని సగం దాక నింపి, గడియారం ముందల పెట్టుకొని, ఎంతసేపొస్తదో నడిపించి చూసిన. ఒకసారి మీటర్లన్నీ పాత లెక్కన, ఒకసారి నేను తగ్గించినట్టు. నా భార్య ఒకసారి తొంగి చూసి వంటింట్లకు పోయింది.

నా బేరంతోని మిగిలినవి నాలుగు నిమిషాలు. బేరమాడుతున్నంతసేపు ల్యాప్‌టాప్ మూత పెట్టకుండ తాగించినవి పదిహేను. ఆమెకు తక్కువ పడ్డవి ఆరు.