మావ మాటలో పావలా వంతు

పోయిన మంగళవారం పొద్దున్న కొట్టు షట్టరు సగం ఎత్తానో లేదో, ఎదురుగా టీకొట్టు నడిపే పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చింది. “మావ ఎల్లిపోనాడు బాబూ, తెల్లారగట్ల” అంది. షట్టరు మళ్ళీ దించేశాను. చావు కబురు వింటే ఏడుపు రావాలి. నాకు ముందు కోపం వచ్చింది. మూడేళ్ళుగా కడుపులో ఉన్న కోపమే అది, కొత్తదేమీ కాదు. అదెందుకో చెప్పుకోకపోతే నాకు తిండి సయించేలా లేదు.

మావ నాకు చుట్టం కాడు, ఊరి వరస అంతే. సాలూరులో మా స్పేర్ పార్టుల కొట్టు పక్క సందులో ఆయన ఇల్లు. మీసాలు రాని వయసులో లారీ ఎక్కి, తల నెరిసేదాకా తోలి, చివరికి సొంత బండి కొనుక్కున్నాడు. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆయన మావే. ఆయనకి మేమందరం అల్లుళ్ళమే.

మావ ఏది చెప్పినా నాలుగింతలు చెప్పేవాడు. జల్లు పడితే కుంభవృష్టి. ఘాట్ రోడ్డులో గంటసేపు బండి ఆగితే, పూటంతా మంచినీళ్ళయినా లేకుండా పడున్నామనేవాడు. రోడ్డుకి అడ్డంగా పాకిన జెర్రిపోతు, మావతో పాటు టీకొట్టు చేరేసరికి కొండచిలువ అయ్యేది. దాని పొడవు చూపించడానికి రెండు చేతులూ చాచేవాడు, అవి చాలక పక్కవాడి చెయ్యి కూడా పట్టుకుని లాగేవాడు. పెద్దమ్మ టీ గ్లాసులు అందిస్తూ, “పావలా వంతు తీసుకోండి బాబూ, మిగతాది ఆయనకే ఒగ్గీయండి” అనేది. అందరికన్నా ముందు మావే నవ్వేవాడు.

అలాగని ఇది ఒక్క మావ గుణమే కాదు. మా లారీవాళ్ళ పద్ధతే అంత. ఘాట్ మీద బండి ఆగిపోతే కిందకి దిగే లారీతో కబురు పంపుతారు. ఆ కబురు ఎప్పుడూ ఉన్నదానికంటే పెద్దదిగానే వస్తుంది. గేర్‌బాక్సు పోయిందంటే నేను క్లచ్ ప్లేటు పంపేవాణ్ణి. ఇరుసు విరిగిందంటే కమాను బోల్టుతో సరిపోయేది. మా నాన్న నాకు వ్యాపారంలో మొదట నేర్పింది ఇదే. ఎందుకిలా చెప్తారని ఒకసారి మావనే అడిగాను.

“పంచరని సెప్తే ఎవుడొస్తాడు అల్లుడా? అన్నం తిని, కునుకు తీసి, అప్పుడొస్తాడు. ఇరుసు ఇరిగిందని సెప్పి సూడు, సెప్పులు కూడా ఏసుకోకండా పరిగెట్టుకొస్తాడు” అన్నాడు. ఆపైన, “సెప్పినోడు బండినిండా సెప్పాల. ఇన్నోడు తనకి ఎంత కావాలో అంతే దించుకుంటాడు” అన్నాడు.

ఆ పద్ధతే విశాఖలో మావ కొంప ముంచింది.

గొంతు బొంగురుపోయి ఎంతకీ తగ్గకపోతే, అత్త ఆయన్ని విశాఖలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ కుర్ర డాక్టరు ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని అడిగాడు. “రెండేళ్ళ బట్టి ఉన్నాది బాబూ” అన్నాడు మావ. తక్కువ చెప్తే నాలుగు మాత్రలు రాసి పంపేస్తారని ఆయన భయం. డాక్టరు విన్నది విన్నట్టే రాసుకున్నాడు. మావ రెండేళ్ళంటే ఆరు నెలలని సాలూరులో ఎవరిని అడిగినా చెప్తారు. విశాఖలో ఎవరు చెప్తారు?

పరీక్షల్లో గొంతు క్యాన్సరని తేలింది. ముదరలేదు, వెంటనే మొదలుపెడితే తగ్గుతుందని పెద్ద డాక్టరు ధైర్యం చెప్పాడు. ఇంటిముందు లారీ ఉన్నవాడికి ఉచిత వైద్యం ఇప్పించే తెల్లకార్డు ఎక్కడిది? అందుకే మావ ఆరోగ్య బీమా తీసుకున్నాడు. అప్పటికి ఏడాది దాటింది. ఆ ధీమాతోనే ఆసుపత్రిలో చేరబోయాడు. కంపెనీ కుదరదంది. జబ్బు రెండేళ్ళుగా ఉందని రోగే చెప్పాడు కాబట్టి, పాలసీకి ముందే ఉన్నదాన్ని దాచిపెట్టాడట.

జీవితంలో మావ దేన్నీ దాచిపెట్టలేదు. లేనిదాన్ని కూడా చూపించే మనిషి ఆయన! ఊరు ఊరంతా పావలా వంతు చేసుకునే మాటని, ఆ కంపెనీ ఒక్కటే అక్షరాలా నమ్మింది. నమ్మితే తనకి లాభం మరి.

ఇక మొదలైంది తిరుగుడు. విజయనగరం బ్రాంచిలో అడిగితే విశాఖ అన్నారు. విశాఖలో హైదరాబాదు అన్నారు. హైదరాబాదుకి ఫోను చేస్తే పాట వినిపించి, నా ఫోన్‌కాల్ వాళ్ళకి ఎంతో ముఖ్యమని ఒక అమ్మాయి గొంతు చెప్పేది. ఆ పాట ఎక్కడైనా వినపడితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్కరూ విసుక్కోలేదు, ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు. విసుక్కుంటే తిరిగి తిట్టొచ్చు. అంత మర్యాదగా ఒక మనిషిని చావమంటే ఏమనాలో నాకు తెలిసేది కాదు.

చివరికి లారీ డ్రైవర్లు, మెకానిక్కులు, మా వీధివాళ్ళు అందరం కలిసి విజయనగరం బ్రాంచికి వెళ్ళాం. టీకొట్టు పెద్దమ్మ ఆ పూట పొయ్యి వెలిగించకుండా మాతో వచ్చింది. మావని మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాం. మా లారీ సంఘం పూజారి కొడుకు ఫోనులో వీడియో చూపించాడు. పాలసీ తీసుకున్న తర్వాత వచ్చిన దసరా అది. లారీలకి ఆయుధపూజ జరుగుతుంటే మావ మైకు పట్టుకుని కొండచిలువ కథ చెప్తున్నాడు. గొంతు ఖణేల్‌మంటోంది.

“పేషెంటే స్వయంగా రెండేళ్ళని చెప్పారు కదండీ” అన్నాడు మేనేజరు.

పెద్దమ్మకి ఓపిక పోయింది. “ఆయన మాటకేటి బాబూ! ఉత్తి కోతలరాయుడు. ఊర్లో కుక్క కూడా నమ్మదు. మీరెలగ నమ్మినారు?” అంది.

ఆ తరవాత ఒకరి వెంట ఒకరు అందుకున్నారు. “నిజం సెప్పడం ఈయనకి రాదండి” అన్నాడొక డ్రైవరు. “గోరంత ఉంటే కొండంత సేస్తాడు” అన్నాడు మెకానిక్కు. కబుర్లకీ నేను పంపిన సామాన్లకీ ఉన్న తేడా నేనూ చెప్పాను. చెప్తూ చెప్తూ మావ వైపు చూశాను. తల వంచుకుని, తువ్వాలు కొస వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆయన ప్రాణం నిలబెట్టడానికి ఊరంతా కలిసి ఆయన మొహం మీదే అబద్ధాలకోరంటున్నాం. మాలో ఎవరూ అప్పుడు నవ్వలేదు.

కంపెనీ అప్పుడు కూడా లొంగలేదు. పై అధికారికి ఫిర్యాదు పెట్టాం. గొంతులో గడ్డ వయసు రెండేళ్ళు ఉండదని పెద్ద డాక్టరు రాసిచ్చాడు. ఇవన్నీ తేలేదాకా ఆగితే మనిషి దక్కడని, సాలూరు దాటే ప్రతి బండి దగ్గరా సంఘం ట్రిప్పుకింతని వసూలు చేసి వైద్యం మొదలుపెట్టించింది. అప్పటికే ఆ వీడియోలో దసరా పోయి మరో దసరా వచ్చేసింది. గడ్డ మెడలోకి పాకింది. కంపెనీ చివరికి డబ్బు ఇచ్చింది. పొరపాటయిందని ఒక్క ముక్క అనలేదు. ఆలస్యం చెయ్యకపోతే మావ బతికేవాడేమో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. బతికేవాడనే నేనంటాను.

దానికంటే నాకు ఎక్కువ మంట పుట్టించింది ఇంకొకటుంది. వైద్యం అయ్యాక మావకి కొంచెం గొంతు వచ్చింది, కథలు మాత్రం రాలేదు. టీకొట్టు దగ్గర బెంచీ చివర కూర్చునేవాడు. వాన ఎలా పడింది మావా అని ఎవరైనా కదిపితే, “సినుకులు పడినాయి” అనేవాడు. అంతే. ఒకసారి నేనుండబట్టలేక, “కొండచిలువ కథ చెప్పు మావా” అన్నాను.

“జెర్రిపోతు అల్లుడా అది” అన్నాడు మెల్లగా. “ఎవులైనా రాసేసుకుంటారు.”

పెద్దమ్మ గ్లాసు కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది. జబ్బు గొంతు పట్టుకుంది గానీ, ఆయన నోరు కట్టేసింది ఆ కంపెనీయే.

పోయే ముందు వారం చూడ్డానికి వెళ్ళాను. జబ్బు తిరగబెట్టి, గొంతుకి గొట్టం పెట్టి ఉంది. మాట లేదు. రాత్రంతా నొప్పికి మంచం పట్టె పట్టుకుని లాగేస్తున్నాడని అత్త గుమ్మంలోనే చెప్పింది. పక్కన కూర్చుని, “నొప్పి ఎంతుంది మావా?” అని అడిగాను.

నా వైపు చూశాడు. కొండచిలువకి రెండు చేతులూ చాలక పక్కవాడి చెయ్యి లాగిన మనిషి, కుడిచెయ్యి ఒక్కటే కొంచెం పైకెత్తాడు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా తెచ్చి, బియ్యపుగింజ పట్టేంత సందు వదిలాడు. అత్త గోడవైపు తిరిగిపోయింది. నాలుగుతో భాగించడం నాకు మా నాన్న నేర్పాడు. ఆ గింజంత సందుని ఎన్నింతలు చేసుకోవాలో తెలియక అలాగే చూస్తూ ఉండిపోయాను. చెయ్యి దించమన్నా దించలేదు. ఆ రెండు వేళ్ళూ నా కళ్ళముందు అలాగే నిలిచి ఉన్నాయి, ఒకదానికొకటి తగలకుండా.