ఆ చేప ఎవరి కోసం

పిల్లలకు ఆ పాఠం చెప్పింది నేను, మా సండే స్కూలు మాస్టారు కాదు. చర్చి నిండా జనం ఆయన వైపు వేళ్లు చూపిస్తుంటే నేను మూడో బెంచీలో తల దించుకుని కూర్చున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. కలకత్తాలో జంతుశాస్త్రం చదువుతున్నాను. ఇల్లు షాలిమార్ రైల్వే క్వార్టర్లలో. మాస్టారు వారమంతా గూడ్స్ యార్డులో వ్యాగన్ల నంబర్లు రాసుకునేవారు. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని మా తెలుగు చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేవారు. బడిలో బెంగాలీ, హిందీ చదివే ఆ పిల్లలకు నాలుగు తెలుగు అక్షరాలు వచ్చాయంటే ఆయన చలవే. ఆయనకు పిల్లలు లేరు. ఆదివారం ఆ గంటన్నర కోసమే మిగతా వారమంతా గడిపేవారు.

ఆ ఏడే కాలేజీలో పరిణామవాదం పాఠాలు మొదలయ్యాయి. నా కాళ్లు నేల మీద నిలిచేవి కావు. తిమింగలం పూర్వీకులు నాలుగు కాళ్ల మీద నడిచేవని విన్న సాయంత్రం, హౌరా వెళ్లే ఫెర్రీలో పక్కనున్న ముక్కూమొహం తెలియని బెంగాలీ దాదాకు అదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. ఆయన వేరుశనగలు నములుతూ, "అయితే నడవడం ఎందుకు మానేసింది? దానికీ బంద్ వచ్చిందా?" అన్నాడు.

నిజంగా బంద్ అయిన రోజునే మాస్టారు తన సండే స్కూలు పిల్లలను నాకు అప్పగించారు. "బడుల్లేవు, నాకేమో యార్డులో పనుంది. కాసేపు నది ఘాటుకి తీసుకెళ్లు బాబూ" అన్నారు.

హుగ్లీ నది ఆటు మీద ఉంది. నీళ్లు వెనక్కి పోయిన బురద మీద వేలెడంత చేపలు ముందు రెక్కలు ఊనుకుంటూ పాకుతున్నాయి! తల మీద కప్ప కళ్లు. ఒకటి ఎగిరి గెంతింది. పిల్లలు కేకలు పెట్టారు. వాళ్లకంటే గట్టిగా నేను పెట్టాను.

"అన్నియ్యా, దేవుడు దీన్ని ఏటికి చేసినాడు?" అని ఎనిమిదేళ్ల పిల్ల అడిగింది.

"దేనికీ కాదు! ముందుగా ఎవరూ అనుకుని చెయ్యలేదు. నీళ్లు పోయి బురదలో చిక్కుకున్న చేపల్లో, కాస్త పాకగలిగినవి బతికాయి. వాటి పిల్లల్లో ఇంకా బాగా పాకినవి బతికాయి. అలా ఎన్ని వేల తరాలో! నడవాలని రెక్కలు రాలేదమ్మా. రెక్కలతో నడవగలిగినవి మిగిలాయి."

"అయితే ఇది మన కోసం కాదా?"

"కాదు."

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

మా చర్చిలో కోత పండుగకు ఒక పద్ధతి ఉంది. పిల్లలు ఒక్కొక్కరూ ఏదో ఒకటి తెచ్చి, ఎత్తి చూపించి, దేవుడు దాన్ని ఎందుకు చేశాడో చెప్పాలి. కొబ్బరికాయ నూనెకు, కోడి గుడ్డుకు. ఆ ఏడు ఒకడు "గుమ్మడికాయ దప్పళానికి" అంటే అందరూ నవ్వారు. తర్వాత ఆ పిల్ల పచ్చడి సీసా ఎత్తింది. లోపల బురదనీళ్లు, చేప.

"ఇది దేనికీ కాదు. మన కోసం కాదు. దాని కోసం అదే బతుకుతాది. దేవుడు అనుకుని చెయ్యలేదు."

సంఘ పెద్ద లేచాడు. "ఎవుడు నేర్పినాడే గుంటా?"

"సండే స్కూల్లో" అంది పిల్ల బెదిరిపోయి.

ఆ పెద్ద పక్కనే కమిటీ కార్యదర్శిగా మా నాన్న కూర్చున్నాడు. నేను తల దించుకున్నాను. మాస్టారు ఒక్కసారి నా వైపు చూసి లేచారు.

"నా తరగతి పిల్లండి. అనాల్సింది నన్ను."

"ఇన్నేళ్లూ నేర్పింది ఇదేటి మాస్టారూ? దేవుడు పనీపాటా లేక చేసినాడనా?"

మరుసటి వారం ఆ తరగతి వేరొకరికి ఇచ్చారు.

నేను లెక్చరరునయ్యాను. ఏటా అదే పాఠాన్ని అదే సంబరంతో చెబుతూ, ఆ చేప దగ్గరికి వచ్చేసరికి తడబడేవాణ్ని. చివరికి ఒక ఆదివారం ఉదయం, రిటైరై యార్డు వెనక అద్దె గదిలో ఉంటున్న మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన భార్య తలుపు తీసింది.

"ఆదివారమొస్తే ఈయనకి కాలూ చెయ్యీ ఆడదు బాబూ. చొక్కా ఏసుకుంటాడు, ఇప్పీసుకుంటాడు."

నన్ను చూడగానే మాస్టారు గబగబా కుర్చీ లాగారు. "రా బాబూ! ఎన్నాళ్లనుంచో నిన్నొకటి అడగాలనుకుంటున్నాను. ఆ చేప దేనికీ కాదన్నావు కదా. ఘాటుకెళ్లి రోజూ చూస్తన్నాను. కన్నం తవ్వుకుంటాది, దానికోసం దెబ్బలాడతాది. మరి దేనికీ కానిది అంత కష్టపడతాదేటి?"

వచ్చిన పని మరిచిపోయాను. ఆ తాపత్రయం ఉన్నవే మిగిలాయని, ముందుగా ఎవరూ గురి పెట్టకపోయినా బతకడమే దానికి గురి అయిందని చేతులు ఊపుతూ చెప్పాను. నేను ఆ రోజు "దేనికీ కాదు" అన్నది సగం నిజమే.

"అయితే గుంట చెప్పిందే రైటు!" అని ఆయన తొడ చరిచారు. "దాని కోసం అదే!"

"నాకంటే బాగా చెప్పింది మాస్టారూ. నేను చెప్పిందే, నాకంటే బాగా."

"నువ్వా చెప్పినావు?" అంది టీ తెస్తున్న ఆయన భార్య. ఆ సంగతి ఆయన ఆమెకు కూడా చెప్పలేదు. నేను నేల చూస్తూ క్షమాపణ మొదలుపెట్టాను.

"నాకూ ఈయనకీ చెప్తే ఏటి లాభం?" అందామె. "అక్కడ చెప్పు."

పై ఆదివారం ప్రార్థన అయ్యాక, పాస్టరు గారిని అడిగి ముందుకు వెళ్లాను. మా నాన్న కూడా ఉన్నాడు. మాస్టారు చివరి బెంచీలో కూర్చున్నారు.

"ఆ కోత పండుగకి చేప తెచ్చిన పిల్లకు ఆ మాట నేర్పింది నేనండి. ఆ రోజు లేచి నిలబడాల్సింది నేను. భయపడి ఊరుకున్నాను. నా తప్పుకు మాస్టారి ఆదివారాలన్నీ పోయాయి. మాస్టారూ, మీ మీద పడ్డ నింద నాది. నన్ను క్షమించండి."