బావిలో నేను, గట్టు మీద అవ్వ

మొన్న శామీర్‌పేట నుంచి తూంకుంట మీదుగా వస్తుంటే రోడ్డు పక్కన పెద్ద ఫ్లెక్సీ కనబడింది. కొత్త కాలనీ అట, ఈతకొలను అట, ఇరవై నాలుగు గంటలూ నీళ్లట. ఆ ఫ్లెక్సీ నీడలోనే ఒక నీళ్ల ట్యాంకర్ ఆగి, గేటు తీయమని హారన్ కొడుతోంది. నవ్వొచ్చింది. మన ఈడు వాళ్లకు ఇలాంటప్పుడు నవ్వు వెంట ఇంకేదో కూడా వస్తుంది, దాని పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, అది వచ్చినప్పుడల్లా నేను మా గౌడవెల్లిలో ఓ ఎండిన బావి అడుగున, పైకి రావడానికి తాడు లేకుండా నిలబడి ఉంటాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. అందరూ కంప్యూటర్ చదువుల మీద పడ్డ రోజులు. ఆ సీట్లన్నీ నాకంటే తెలివైనవాళ్లు పంచుకోగా, యూనివర్సిటీలో జలవనరుల కోర్సు మిగిలింది, నేనూ మిగిలాను. నీటికి రంగు, రుచి, వాసన ఉండవని బడిలోనే చెప్పారు. ఉద్యోగం కూడా ఉండదని ఇక్కడికొచ్చాక తెలిసింది. మానేద్దామంటే దారి లేదు, మనుమడు నీళ్ల చదువు చదువుతున్నాడని అవ్వ అప్పటికే ఊరంతా చెప్పేసింది. అప్పటి నుంచి పెళ్లికి పోయినా, చావుకు పోయినా, ఎవరో ఒకరు నన్ను విస్తరి ముందు నుంచి లేపి, బోరు ఎక్కడ వేయాలో చూపమని పొలానికి తీసుకుపోయేవారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకోకుండా నీళ్లెట్లా కనిపెడతాడని కొందరికి నా చదువు మీద అనుమానం కూడా ఉండేది.

ఊరి బయట మాకు ఒక బావి, దాని కింద కొంత భూమి. తొంభైలలో అక్కడ ద్రాక్షతోట ఉండేది. బడి ఎగ్గొట్టి ఆ పందిరి కింద పడుకున్న మధ్యాహ్నాలే నా విద్యాభ్యాసంలో ఉత్తమ భాగం. తర్వాత చుట్టూ బోర్లు పడ్డాయి, బావి ఎండింది, తోట పోయింది, పందిరికి పాతిన రాతి కడీలు మాత్రం మిగిలాయి. అంతలో మూడు పక్కలా పొలాలు ప్లాట్లయ్యాయి. తెల్లరంగు వేసిన హద్దురాళ్ల మధ్య మా భూమి ఇరుక్కుపోయింది. అమ్మేద్దామన్నారు నాయిన, చిన్నాయిన. భూమి అవ్వ పేరున ఉంది, ఆమె వేలిముద్ర వేయనంది. బావి పని అయిపోయిందని మనుమడు దిగి చూసి చెబితే వేస్తానంది. నా చదువుకు ఇంట్లో విలువ దొరికిన మొదటి రోజు అది.

చిన్నాయిన నన్ను మేడ్చల్ బస్టాండులో బండి ఎక్కించుకుని, దారి పొడుగునా పాఠం చెప్పాడు.

"అవ్వకు నీళ్లు లేవని చెప్పు. పట్నం నుంచి కొనేటాయన వస్తడు, ఆయనకు ఉన్నయని చెప్పు."

"ఇద్దరు ఒక్కతాన్నే ఉంటె?"

"గట్లెందుకుంటర్రా? సదువుకున్నోనివి, గింతదానికే పరేషాన్ అయితవేంది?"

ఆ ధీమా నాకుంటే ఏ సీటైనా వచ్చేది. బావికి మెట్లు సగం దాకే ఉండేవి. తర్వాత లోతు తవ్వించినప్పుడు మెట్లు కట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. కడీకి కట్టిన తాడు పట్టుకుని, కొలిచే టేపు మెడకు తగిలించుకుని దిగాను. అడుగున పగిలిన బురద, ఒక తెగిన చెప్పు. గట్టు మీద అవ్వ, నెత్తి మీద కొంగు కప్పుకుని. అప్పుడే పైన కారు ఆగిన చప్పుడైంది. మనిషిని దించి నీళ్లు వెతికిస్తున్నారని కొనేవాడు అనుకోకూడదని, చిన్నాయిన చటుక్కున తాడు పైకి లాగేశాడు. తాడును లాగగలిగాడు గానీ అవ్వను లాగలేడు కదా.

"ఉన్నయా బిడ్డా?" అంది ఆమె, లోపలికి వంగి.

ఆమె పక్కన కొనేవాడి ముఖం, వెనక నాయిన, చిన్నాయిన. గుండ్రటి ఆకాశంలో నాలుగు తలకాయలు, అన్నీ నా వైపే. అవ్వకు చెప్పాల్సిన అబద్ధం కొనేవాడు వింటాడు, కొనేవాడికి చెప్పాల్సింది అవ్వ వింటుంది. రెండూ ఒకేసారి పట్టే నోరు లేక నిజం చెప్పాను.

"ఇప్పుడైతె లేవవ్వా. వానలు మంచిగ పడి, సుట్టు బోర్లు జర ఆగితె మల్ల వస్తయి."

చిన్నాయిన తల పట్టుకున్నాడు. కొనేవాడు మాత్రం నవ్వాడు.

"వస్తె ఏంది, రాకుంటె ఏంది తమ్మీ? మేం ప్లాట్లు జేస్తం. లోతెంతుందో చెప్పు, పూడ్వనీకి ఎన్ని ట్రాక్టర్ల మట్టి పడ్తదో సూసుకోవాలె."

చెప్పాను. యూనివర్సిటీలో నేర్చుకున్న కొలతను ఒకరు అంత శ్రద్ధగా వినడం అదే మొదలు.

"ముందుగాల పోరన్ని పైకి తియ్యుండ్రి," అంది అవ్వ. పైకొచ్చాక నా చొక్కా దుమ్ము దులుపుతూ కొడుకులతో అంది, "వస్తయన్నడు గద. వచ్చినంక సూద్దాం."

వానలు, బోర్లు, అయితే గియితేలన్నీ జల్లెడ పట్టి ఆ ఒక్క మాటే దాచుకుంది. ఇక ఇల్లంతా ఆ మాటలో ఇరుక్కుంది. కొనేవాడు వెళ్లిపోయాడు. చిన్నాయిన నాతో మాట్లాడటం మానేసి, నేనున్న గదిలో గోడను తిట్టేవాడు. నాయిన ఒకసారి మబ్బుల వైపు, ఒకసారి నా వైపు చూసేవాడు, అవీ నేనూ కుమ్మక్కయినట్టు. బావి సంగతి తేలేదాకా కోర్సు మానే దారి కూడా మూసుకుపోయింది. సెలవొస్తే ఊరు, ఊరొస్తే బావి. టేపు దించడం, పొడిగా పైకి తీయడం, అవ్వకు తల అడ్డంగా ఊపడం. వెనక బెంచీలో నిద్రపోయే నేను భూగర్భజలాల పాఠానికి ముందుకొచ్చి కూర్చున్నాను. జ్ఞానం మీద ప్రేమ అనుకునేరు, ఇంటికి పోవాలంటే భయం.

ఒక వానాకాలం మోసం చేసింది. రెండోదానికి చెరువులు నిండి మత్తళ్లు దూకాయి. చుట్టూ పొలాలు ప్లాట్లయి, ఇళ్లింకా లేవలేదు కాబట్టి, బోర్లు నడిపేవాళ్లు కూడా లేకపోయారు. ఒక పొద్దున టేపు కొస తడిగా పైకొచ్చింది. అవ్వ చేతికిచ్చాను. ఆమె దాన్ని వేళ్లతో నలిపి, వాసన చూసి, బురద కంపు కొడుతోందంటూ నవ్వింది.

మర్నాడు కొడుకులను పిలిచి అమ్ముకోమంది. నీళ్లొచ్చాక ఎందుకని నాయినే అడిగాడు.

"అప్పుడమ్మితె మీరు లేనియి ఉన్నయని చెప్పేటోళ్లు. ఇప్పుడున్నయి. ఉన్నయని చెప్పి అమ్ముండ్రి."

"కొనేటాయనకు నీళ్లతోటి పనే లేదమ్మా," అన్నాడు చిన్నాయిన.

"ఆయనకు లేకుంటె లేకపాయె. నాకున్నది."

వేలిముద్ర వేసింది. మొదటి ట్రాక్టరు మట్టి బావిలో పడ్డప్పుడు నేనక్కడే ఉన్నాను. మట్టి పడ్డ చప్పుడు రాలేదు, నీళ్లు లేచిన చప్పుడు వచ్చింది. అవ్వ ఆ వైపు రాలేదు.

ఇప్పుడక్కడ వరసగా ఇళ్లు. బావి ఎవరి వంటింటి కింద ఉందో, కొలిచిన నేనే చెప్పలేను. ఆ చదువే నాకు అన్నం పెడుతోంది, బోరు ఎక్కడ వేయాలో చూపమని ఎన్నో ఊళ్లకు పిలుస్తారు. ఎంత లోతుకైనా పోదాం సార్ అంటారు, బోరు లారీని వెంటే తెచ్చుకుంటారు. కొంతకాలం ఆగితే పైనే దొరకొచ్చని నేను చెప్పడం మొదలుపెడతాను, మాట పూర్తయ్యేలోపే మిషన్ చప్పుడు అందుకుంటుంది. నేను చెప్పింది విని నిజంగా ఆగిన మనిషిని జీవితంలో ఒక్కరినే చూశాను, ఆమెను కూడా అప్పట్లో మేమంతా మొండిది అనుకున్నాం.